చివరి గుక్కకే ఎందుకంత మర్యాద?

మొన్న మా పిన్ని కూతురు మెసేజ్ పెట్టింది. డిసెంబర్ సెలవుల్లో మెక్సికో వెళ్తున్నారట, వహాకాలో నాలుగు రోజులు ఉంటారట. "అక్కా, నువ్వు వెళ్లిన ఆ మార్కెట్ టూర్ బాగుందా? ఏ మెస్కాల్ కొనుక్కోవాలి?" అని అడిగింది. "బాగుంది, వెళ్లండి. తొబలా దొరికితే వదలొద్దు" అని రెండు ముక్కలు కొట్టి పంపేశాను.

రాత్రి గిన్నెలు తోముతుంటే ఆ రెండో ముక్క గుర్తొచ్చి ఆగిపోయాను. తొబలా అంటే మెస్కాల్ అనే మెక్సికో మందులో ఒక అరుదైన రకం. దాన్ని వదలొద్దని అంత ధీమాగా ఎలా చెప్పాను? మూడేళ్ల కిందట ఆ పేరు విననైనా లేదు. టెకీలా తప్ప మెక్సికోలో ఇంకో మందు ఉంటుందనే నాకు తెలీదు. ఒక ఆదివారం, ఆరు గంటల టూరు, ఏడెనిమిది చిన్న గుక్కలు. ఈ విషయంలో నా చదువంతా అంతే. ఆ చదువు నాకు నేర్పకూడనిది కూడా ఒకటి నేర్పిందేమోనని అప్పటినుంచీ ఒక అనుమానం.

ఇది "టూరిస్టులొచ్చి అంతా పాడు చేశారు" అనే ఏడుపు కాదు. నేనూ టూరిస్టునే కదా. గైడు లేకపోతే ఆ సంతలో దేనిముందు ఆగాలో కూడా నాకు తెలిసేది కాదు. నా గొడవ టూరుతో కాదు, ఆ టూరులో గ్లాసులు వచ్చిన వరసతో.

బకెట్ దగ్గర

వహాకా నగరం నుంచి త్లాకొలూలాకి ముప్ఫై కిలోమీటర్లు ఉంటుంది. అక్కడ ఆదివారం సంత. మా వ్యాన్లో నేను, మా ఆయన, షికాగో నుంచి వచ్చిన ఒక జంట, కాలేజీ అయిపోయి దేశాలు తిరుగుతున్న ఒక డచ్ కుర్రాడు. గైడుకి ముప్ఫై ఏళ్లుంటాయేమో. ఇంగ్లీషు గలగలా మాట్లాడతాడు. వాళ్లమ్మది ఆ లోయలోనే ఒక ఊరట.

కాళ్లు కట్టేసిన టర్కీ కోళ్లు, పచ్చి మాంసం కొనుక్కుని అక్కడికక్కడే బొగ్గుల మీద కాల్చుకునే వాళ్ల పొగ, వెల్లుల్లి, నిమ్మరసం, ఉప్పు పట్టించి వేయించిన మిడతల గుట్టలు. మా ఆయనది గుంటూరు. ఒక మిడతని నోట్లో వేసుకుని కాసేపు ఆలోచించి, "కారం చాల్లేదు" అన్నాడు.

రొట్టెలమ్మే వరస దాటాక ఒక పెద్దావిడ నీలం ప్లాస్టిక్ బకెట్ ముందు కూర్చుని ఉంది. జడల్లో రిబ్బన్లు, గళ్ల ఏప్రన్. బకెట్లో పుల్కే. కలబందలా ఉండే ఒక మొక్క రసం పులియబెట్టిన మందు, అక్కడి కల్లన్నమాట. గైడు మమ్మల్ని చుట్టూ నిలబెట్టి, "ముందే చెప్తున్నా, ఇది అందరికీ పడదు. మొహాలు రెడీగా పెట్టుకోండి, ఫొటో తీస్తా" అన్నాడు. షికాగో ఆవిడ అప్పుడే ముక్కు ముడిచేసింది. డచ్ కుర్రాడు ఒక గుక్క తాగి, పెదవి నుంచి గ్లాసు దాకా సాగిన జిగురు తీగని చూసి పడీపడీ నవ్వాడు. అందరం నవ్వాం. పెద్దావిడ కూడా నవ్వింది. ఆదివారానికి ఎన్నిసార్లు నవ్వుతుందో ఆవిడ అలా!

నా వంతొచ్చింది. తెల్లగా, చిక్కగా, గంజికీ మజ్జిగకీ మధ్యలో ఎక్కడో ఉంది. ముందు పులుపు, వెనకాల కొంచెం తీపి, ఆ వెనక కోసిన కలబంద లాంటి పచ్చి వాసన. అంతలోనే నాకు మా అమ్మమ్మ వాళ్ల ఊరు గుర్తొచ్చింది. నల్గొండ వైపు. దసరా పొద్దున వాకిట్లో లొట్టి దించేవాళ్లు. మా అమ్మమ్మ స్టీలు గ్లాసు పట్టుకుని, కొంగుతో మూతి తుడుచుకుంటూ, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేనట్టు తాగేది. నాకు ఒక చెంచాడు పోసేది. ఈతకల్లుకీ పుల్కేకీ రుచిలో తేడా ఉంది, పుల్కే బాగా జిగురు. కానీ రెండూ ఒకే ఇంటివాళ్లని నాలిక్కి తెలిసిపోతుంది.

రెండో గ్లాసు అడిగాను. గైడు ఆశ్చర్యపోయాడు. ఆ పెద్దావిడ అతనితో ఏదో అంది. "మీ దేశంలో కూడా ఉందా అని అడుగుతోంది" అన్నాడు. "ఉంది, కానీ చెట్టెక్కాలి" అని చెప్పి, మోకు వేసుకుని ఎక్కుతున్నట్టు చేతులతో చేసి చూపించాను. ఆవిడ పగలబడి నవ్వి పక్క దుకాణం ఆవిడకి వాళ్ల జాపొటెక్ భాషలో చెప్పింది. ఆవిడ కూడా నవ్వింది. అక్కడ చెట్టెక్కే పని లేదు. మగెయ్ అని వాళ్లు పిలిచే ఆ మొక్క దగ్గర వంగితే చాలు.

ఆ తర్వాత ఆ పెద్దావిడే ఇంకోటి అడిగింది: మా దగ్గర మగెయ్ లేదా? ఉంది. కిత్తనార అంటాం, రైలు కట్టల పక్కన, చేల గట్ల మీద కావలసినంత ఉంటుంది. మరి దాన్నేం చేస్తారు? కంచె వేస్తాం, నార తీస్తాం. అంతేనా? అంతే. ఆవిడ తల అటూ ఇటూ ఊపింది. మరీ ఇంత అమాయకులేంటి అన్నట్టుంది ఆ ఊపు.

పేడ మూట

పుల్కే తీసే పద్ధతి కల్లుగీత తెలిసినవాళ్లకి సగం తెలిసినట్టే. మగెయ్ ఎనిమిది నుంచి పన్నెండేళ్లు పెరిగి, పూలకాడ వేసే ముందు ఒంట్లో ఉన్న చక్కెరంతా గుండెలోకి తెచ్చుకుంటుంది. సరిగ్గా అప్పుడు ఆ మొగ్గని తీసేసి గుంట చేస్తారు. గుంటలో ఊరే రసమే అగ్వామియెల్, మన నీరా అనుకోండి. త్లాచికేరో అనే గీతగాడు పొద్దునా సాయంత్రం వచ్చి, పొడుగాటి సొరకాయ బుర్రతో నోటితో పీల్చి రసం తీసి, మళ్లీ రసం ఊరేలా గుంటని గీకిపోతాడు. మూడు నుంచి ఆరు నెలలు ఇలా రోజుకి నాలుగైదు లీటర్లు ఇచ్చి మొక్క చచ్చిపోతుంది. మన ఈతచెట్టుకీ దీనికీ పెద్ద తేడా ఇక్కడే. ఈతచెట్టు ఏటా ఇస్తుంది, మగెయ్ ఒక్కసారే ఇస్తుంది.

పాత పుల్కే కొంచెం కలిపితే రసం ఒకటి రెండు రోజుల్లో పులుస్తుంది. ఆల్కహాల్ నాలుగు నుంచి ఏడు శాతం. చక్కెరని జిగురుగా మార్చే బాక్టీరియా వల్లే ఆ తీగ. కాబట్టి డచ్ కుర్రాడు నవ్విన జిగురు పాడైపోయినదానికి గుర్తు కాదు, అది పుల్కే అనడానికే గుర్తు. మర్నాటికి ఇంకా పులుస్తుంది, ఆ మర్నాటికి తాగలేం. డబ్బాల్లో పోసి అమ్మేది కూడా ఉంది. ఒకసారి రుచి చూశాను. ప్యాకెట్ మజ్జిగకీ కవ్వం మజ్జిగకీ ఎంత తేడానో అంత తేడా.

ఈ పుల్కేకి ఒకప్పుడు చాలా దర్జా ఉండేది. స్పానిష్ వాళ్లు రాకముందు అది దేవతల పానీయం, ఎవరు పడితే వాళ్లు తాగడానికి వీల్లేదు. ముసలివాళ్లకి మాత్రం మినహాయింపు. కోడెక్స్ మెండోసా అని పదహారో శతాబ్దపు బొమ్మల పుస్తకంలో డెబ్బై ఏళ్ల అవ్వ దర్జాగా తాగుతున్న బొమ్మ ఉంది. చూస్తే అచ్చం మా అమ్మమ్మే. తర్వాత 1873లో మెక్సికో నగరం నుంచి వేరాక్రూస్‌కి రైలు పడింది. అది ఆపాన్ మైదానాల మీదుగా వెళ్తుంది, అక్కడంతా మగెయ్ తోటలే. పొద్దున తీసింది సాయంత్రానికి నగరం చేరడం మొదలైంది, పుల్కే దొరలు కోటీశ్వరులయ్యారు. ఆ తర్వాత విప్లవం, ముక్కలైన పెద్ద పెద్ద భూములు, బీరు.

బీరుతో పాటు ఒక కథ కూడా వచ్చింది. పుల్కే త్వరగా పులవడానికి గుడ్డలో పేడ మూటగట్టి అందులో ముంచుతారని. మురికి జనం తాగే మురికి మందు అని. ఈ పుకారు వెనకాల బీరు కంపెనీలున్నాయని మెక్సికోలో చాలామంది చెప్తారు. ఎవరు పుట్టించినా అది వంద సంవత్సరాలుగా పనిచేస్తోంది. మా గైడు కూడా దాన్ని ఖండించడానికే చెప్పాడు. కానీ పేడ అనే మాట ఒకసారి చెవిన పడ్డాక గ్లాసు పట్టుకున్న చెయ్యి కొంచెం వెనక్కి పోవడం నేను చూశాను.

కల్లు మీద మన దగ్గర వచ్చిన చెడ్డపేరు ఇలాంటిదేనని అనేద్దామని ఉంది కానీ, అనలేను. డైజిపామ్, ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్లు పుకారు కాదు, దాని వల్ల మనుషులు చచ్చిపోయారు. హైదరాబాద్‌లో 2004లో కల్లు దుకాణాలు మూసేశారు, 2014లో మళ్లీ తెరిచారు. ఈ రెండింటి మధ్య చెట్టెక్కి నిజంగా గీసేవాడి మాట ఎవరికీ పెద్దగా పట్టలేదు. దీని మీద ఇంకెప్పుడైనా రాస్తాను, ఇక్కడ ఇమడదు.

మెట్ల వరస

త్లాకొలూలా నుంచి వ్యాన్ శాంతియాగో మతత్లాన్ వెళ్లింది. ఊరి మొదట్లోనే కమాను, ప్రపంచ మెస్కాల్ రాజధాని అని. దారికి రెండు పక్కలా మెస్కాల్ బట్టీలే. బట్టీని వాళ్లు పలెంకే అంటారు. ఒకదాని ముందు దిగాం. నేలలో తవ్విన పెద్ద గుంట, అందులో కట్టెలు కాల్చి, రాళ్లు ఎర్రగా కాగాక, ఆకులు నరికేసిన మగెయ్ మొక్కల గుండెలు పేర్చి, పైన మట్టి కప్పేస్తారు. చూడ్డానికి పెద్ద అనాసపండులా ఉంటుంది కాబట్టి దాని పేరు కూడా అనాసే, పీన్యా. మూడు నుంచి ఐదు రోజులు లోపల మగ్గుతాయి. మెస్కాల్‌లో పొగ వాసన అక్కడిదే. గుర్రం తిప్పే రాతి చక్రం కింద నలిగి, చెక్క తొట్లలో పులిసి, రాగి బట్టీలో రెండుసార్లు కాగి బయటికొస్తుంది. ఉడికిన పీన్యా ముక్క ఒకటి చేతికిచ్చారు. కాల్చిన చిలగడదుంపకి బెల్లం పట్టించినట్టుంది, మధ్యలో చెరుకు పిప్పి. నిజం చెప్పాలంటే ఆ రోజు తిన్నవాటిలో తాగినవాటిలో నాకు బాగా నచ్చింది ఆ ముక్కే.

తర్వాత బల్ల. నారింజ ముక్కలు, పురుగు ఉప్పు (నిజంగానే పురుగుని వేయించి, ఎండుమిరపకాయతో నూరిన ఉప్పు), వరసగా నాలుగు సీసాలు. సీసాలో పురుగు మాత్రం లేదు. ఆ పురుగు సంప్రదాయం కాదని, గత శతాబ్దం మధ్యలో సీసాలమ్మేవాళ్లు కనిపెట్టిన చమత్కారమని గైడు చెప్పాడు.

మొదటిది ఎస్పదీన్. సాగు చేసే మొక్క, ఆరు నుంచి ఎనిమిదేళ్లు. "ఇది రోజువారీది" అని గబగబా పోసి ముందుకెళ్లాడు. రెండోది కుయీషే, సన్నగా పొడుగ్గా పెరిగేది. ఇక్కడ కొంచెం ఆగి నిలబడ్డాడు. మూడోది తొబలా. కొండల్లో, చెట్ల నీడలో, రాళ్ల మధ్య పెరిగే చిన్న మొక్క, పన్నెండు పదిహేనేళ్లు. గొంతు తగ్గింది. నాలుగోది తెపెస్తాతే. కొండ అంచులకి వేలాడుతూ పెరుగుతుంది, పాతికేళ్లు పడుతుంది. ఇప్పుడు గుసగుస. "మీలో కొందరికంటే ఈ మొక్క పెద్దది" అన్నాడు, డచ్ కుర్రాడి వైపు చూస్తూ. అందరం నిశ్శబ్దంగా గ్లాసులెత్తాం. నేను కళ్లు కూడా మూసుకున్నాను.

అప్పటికి నలభై ఎనిమిది శాతం మందు మూడు గుక్కలు లోపలికి పోయింది. నాలుక మొద్దుబారింది. ఆ నాలుగో గుక్కలో నాకు అందింది రుచేనా, పాతికేళ్లు అనే అంకెనా? ఇప్పుడు ఎంత గుర్తు చేసుకున్నా ఆ రుచి ఇలా ఉందని ఒక్క మాట రాయలేకపోతున్నాను. అంకె మాత్రం బాగా గుర్తుంది. బకెట్ పుల్కే రుచి మాత్రం ఇప్పుడడిగినా చెప్పగలను.

నేను గొడవపడేది ఈ వరసతోనే. నవ్వులాటతో మొదలై మౌనంతో ముగిసింది. ఎంత అరుదైతే అంత గౌరవం. ప్రతి మెట్టూ కిందిదాన్ని కొంచెం తక్కువ చేస్తుంది. ఎక్కి పైకి చేరాక అడుగున ఉన్న బకెట్ ఎవరికీ కనపడదు. తక్కువదాని నుంచి ఘాటైనదానికి వెళ్లాలి కాబట్టే పుల్కే ముందొచ్చింది అంటే ఒప్పుకుంటాను. కానీ నాలుగు మెస్కాల్‌ల ఘాటూ ఇంచుమించు ఒకటే. అక్కడ మెట్లు కట్టింది మొక్క వయసుని బట్టే.

తొబలాకి పిలకలుండవు

వయసుని బట్టి మర్యాద చేస్తే వచ్చే నష్టం ఏంటి? పెద్దవాళ్లకి మర్యాద చేయడం మంచిదే కదా? ఇంటికొచ్చాక చదివితే తెలిసింది. ఎస్పదీన్ తల్లి మొక్క చుట్టూ పిలకలు వేస్తుంది, అరటికి వేసినట్టు. తీసి నాటుకుంటే మళ్లీ తోట. తొబలాకి పిలకలుండవు. గింజ పడి మొలవాల్సిందే. గింజ కావాలంటే పూయాలి. పూస్తే గుండెలోని చక్కెరంతా పూలకాడలోకి పోతుంది, మెస్కాల్‌కి పనికిరాదు. కాబట్టి పూయకముందే నరకాలి. కొండ మీద నరికిన ప్రతి తొబలా గింజ వెయ్యని తొబలా అన్నమాట. ఈ పూల తేనె మీద బతికే గబ్బిలాలున్నాయి, మొక్కల పుప్పొడి ఒకదాని నుంచి ఇంకోదానికి చేర్చేది ఎక్కువగా అవే. వాటికీ పువ్వు లేదు.

సర్టిఫికెట్ ఉన్న మెస్కాల్ 2011లో ఏడాదికి పది లక్షల లీటర్ల లోపే. 2022కల్లా కోటీ నలభై లక్షలు. అందులో చాలా భాగం ఎస్పదీనే. కానీ నాలాంటి వాళ్లు బల్ల దగ్గర గుసగుస విని, ఇంటికెళ్లి తొబలా వదలొద్దని చెల్లెళ్లకి మెసేజ్‌లు పెడుతూ ఉంటే, కొండ మీద మిగిలేదెంత?

నాకు తెలివి రావడమే ఆ మొక్కకి ముప్పు. ఏమీ తెలియనప్పుడు నిమ్మకాయ, ఉప్పు పెట్టి ఏ టెకీలానో తాగి ఊరుకునేదాన్ని. తెలిసినదాన్ని అయ్యాక పాతికేళ్ల మొక్క అడుగుతున్నాను.

లెక్క కూడా ఒకటి వేశాను. యాభై కిలోల ఎస్పదీన్ గుండె నుంచి ఐదు లీటర్ల మెస్కాల్ వస్తుంది, అటూ ఇటూగా. ఒక పుల్కే మగెయ్ నాలుగు నెలలు ఇస్తే దాదాపు ఐదు వందల లీటర్లు. రెండూ ఒకే జాతి కావు, పుల్కే మగెయ్ చాలా పెద్దది, ఘాటు పదో వంతు, కాబట్టి ఈ లెక్క సరిగ్గా పొసగదు. అయినా పొద్దునా సాయంత్రం ఒకే మొక్క దగ్గరికి నెలల తరబడి వెళ్లడం వేరు, ఒక్క గొడ్డలి దెబ్బ వేరు. టూరిస్టు ఫొటోలో నవ్వులాట అయ్యింది మొదటిది.

వ్యాన్లో గైడు చెప్పింది

తిరిగొస్తుంటే ముందు సీట్లో కూర్చుని ఇదంతా అతన్ని అడిగాను. అప్పటికి నా దగ్గర ఇంత వాదన లేదు, "పుల్కేని ఎందుకు జోకు చేశావు?" అని మాత్రం అడిగాను. అతనేం నొచ్చుకోలేదు. "నవ్వకపోతే వాళ్లు నోట్లో పెట్టుకోరు" అన్నాడు. "నవ్వుతూ అయినా తాగారు. ఆవిడకి ఐదు గ్లాసుల డబ్బులొచ్చాయి. మీరైతే రెండు తాగారు."

మరి మెస్కాల్ సంగతి? "నేను ఎస్పదీన్ ఒక్కటే పోస్తే, ఇది మాకు తెలిసిందే అనుకుని ఎయిర్‌పోర్టులో పెద్ద కంపెనీ సీసా కొనుక్కుపోతారు. తొబలా పోస్తే ఆ బట్టీవాడి దగ్గరే కొంటారు. ఒక తొబలా సీసా మీద అతనికి మిగిలేది మూడు ఎస్పదీన్ సీసాల మీద కూడా మిగలదు. పైగా ఇతను గింజలు తెచ్చి నారు పోస్తున్నాడు. ఆ డబ్బు ఎక్కడిదనుకున్నారు?"

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ పూర్తిగా లేదు. బట్టీ వెనకాల నల్ల ప్లాస్టిక్ సంచుల్లో వేలెడంత తొబలా మొక్కలు నేనూ చూశాను. కొంతమంది తోటలో కొన్ని మొక్కల్ని నరక్కుండా పూతకి వదిలేస్తున్నారు కూడా. ఎస్పదీన్ మాత్రం శుద్ధపూస ఏం కాదు. పిలకల నుంచి పెంచిన తోటంతా ఒకే మొక్కకి నకళ్లు, ఒక తెగులొస్తే అన్నీ ఒకేసారి. కొండవాలు చెట్లు కొట్టేసి వరసలు నాటుతున్నారు. ఏదైనా సరే కాల్చాలంటే కట్టె కావాలి, కాచాక మిగిలే పుల్లటి నీళ్లు లీటరు మందుకి పది లీటర్ల పైన, అవి వాగులో కలుస్తాయి. నువ్వు ఎస్పదీన్ తాగి పుణ్యం కట్టుకుంటున్నావని ఎవరూ అనరు.

పుల్కే విషయంలో కూడా నేను గొప్పలు చెప్పుకోలేను. బకెట్ ఆవిడ రోజంతా కూర్చుంటే వచ్చేది మా టూరులో ఒక మనిషి టికెట్ అంత కూడా ఉండదు. నా నోస్టాల్జియా కోసం ఆవిడ బకెట్ దగ్గరే ఉండిపోవాలని కోరుకునే హక్కు నాకెక్కడిది?

అయినా ఒక దగ్గర మాత్రం గైడుతో ఏకీభవించను. అరుదైనదే పోస్తేనే చిన్నవాడి దగ్గర కొంటారు అన్నాడు. అరుదు కాకుండా ఇంకో కారణం ఇవ్వచ్చు కదా? నాలుగు మొక్కలు ఒకే చేతి నుంచి పోసే బదులు ఒకే మొక్క నాలుగు చేతుల నుంచి పొయ్యొచ్చు. మర్నాడు నగరంలో ఒక చిన్న కొట్లో అనుకోకుండా సాంతా కతరీనా మీనాస్ ఎస్పదీన్ తాగాను. ఆ ఊళ్లో రాగిలో కాకుండా మట్టికుండల్లో కాస్తారు. మతత్లాన్‌లో "రోజువారీది" అని గబగబా పోసినదీ, ఇదీ ఒకే మొక్కంటే నమ్మలేకపోయాను. ఇందులో వాన పడ్డాక వచ్చే వాసనలాంటిది ఉంది. ఒకే బియ్యం నాలుగిళ్లలో నాలుగు రకాలుగా వండినట్టు. నీళ్లు వేరు, తొట్టె వేరు, ఎప్పుడు ఆపాలో చూసే కన్ను వేరు. రెల్లు గొట్టంతో పోసినప్పుడు పైన నిలిచే బుడగల్ని చూసి ఘాటు చెప్పేస్తారు ఆ పెద్దవాళ్లు. ఇలా పోస్తే మనం మొక్క వయసుకి కాకుండా మనిషి పనితనానికి డబ్బిస్తాం. కొండ మీది మొక్కని కదిలించనక్కర్లేదు.

పేరు ఎవరిది

ఇంకో పక్క చట్టం ఉంది. టెకీలా అనే పేరుకి 1974లో, మెస్కాల్ అనే పేరుకి 1994లో రక్షణ వచ్చింది. కొన్ని రాష్ట్రాల్లో, నిబంధనల ప్రకారం, సర్టిఫికెట్‌తో చేస్తేనే ఆ పేరు పెట్టాలి. చిత్తూరు జిల్లాలో దక్కన్ కిత్తనారతో మందు తీస్తే దానికి టెకీలా అని పేరు పెట్టుకోలేరు. డెస్మండ్‌జీ అనే మన దేశపు మందు కంపెనీ వాళ్లు అలాగే అగావే అని అమ్ముకున్నారు (మగెయ్‌కీ కిత్తనారకీ ఇంగ్లీషు పేరు అదే). సరే, న్యాయమే. కానీ తాత ముత్తాతల నుంచి మెస్కాల్ కాస్తూ, సర్టిఫికెట్ ఖర్చు పెట్టుకోలేని ఊరివాడు కూడా లేబుల్ మీద మెస్కాల్ అని రాసుకోలేడు. "అగావే నుంచి తీసిన మందు" అని రాసుకోవాలి. మెక్సికో పాత భాష నువాట్ల్‌లో మెస్కాల్ అనే మాటకి ఉడికించిన మగెయ్ అనే అర్థం. గుంట తవ్వి ఉడికించేవాడికి ఆ పేరు లేదు, ఆవిరి ట్యాంకుల్లో ఫ్యాక్టరీ పద్ధతిలో చేసేవాడికి ఉంది.

2016 నాటి నిబంధనలతో లేబుల్ మీద మూడు రకాలు వచ్చాయి. ఉత్తి మెస్కాల్ అంటే యంత్రాలు ఉండొచ్చు. ఆర్తెసనాల్ అంటే గుంట, చక్రం, రాగి లాంటివి. అన్సెస్త్రాల్ అంటే మట్టికుండ. కొనేవాళ్లు వయసు కంటే ముందు ఈ మాట చూసుకోండి. సంతలో ప్లాస్టిక్ క్యాన్లో అమ్మేదానికి ఈ మూడింట్లో ఏ పేరూ ఉండదు. మా గైడు దాని దగ్గర ఆగలేదు. ఆగమని నేనూ అనలేదు, కల్తీ భయం నాకూ ఉంది.

షెల్ఫ్ మీద సీసా

ఇంత మాట్లాడి నేను చేసిందేంటంటే, ఆ బట్టీ దగ్గర తెపెస్తాతే సీసా కొన్నాను. ధర చెప్పను, మా అమ్మ ఈ బ్లాగు చదువుతుంది. హ్యూస్టన్ తెచ్చి షెల్ఫ్ మీద పెట్టాను, ఏడాది దాకా మూత తీయలేదు. మంచి సందర్భం కోసం అనుకున్నాను. పోయిన దీపావళికి మిత్రులొచ్చారు. నేను వంటింట్లో ఉండగా మా ఆయన ఫ్రెండ్ ఒకతను దాన్ని తీసి, స్ప్రైట్ కలిపి, నిమ్మకాయ పిండుకుని హాయిగా తాగుతున్నాడు.

నేను చూసి, "అన్నయ్యా, అది పాతికేళ్ల మొక్క!" అన్నాను. నా గొంతు నాకే వినిపించింది. అచ్చం గైడు గుసగుస. అతను గ్లాసు వైపు చూసి, "ఓహో, అందుకేనా స్ప్రైట్‌లో కూడా ఇంత బాగుంది" అని ఇంకో గుక్క వేశాడు. ఇల్లంతా నవ్వులు.

ఆ రాత్రి అతని మీద చాలా కోపం వచ్చింది. ఇప్పుడు లేదు. ఆ మొక్కకి అవమానం జరిగిందంటే అది కొండ మీద నరికినప్పుడు జరిగింది, నేను కార్డు గీకినప్పుడు జరిగింది. ఆ తర్వాత అందులో స్ప్రైట్ పోసినా నీళ్లు పోసినా దానికి పోయేదేం లేదు. అతనైనా తాగాడు. నేను షెల్ఫ్ మీద పెట్టుకుని వయసు చూసుకుంటూ కూర్చున్నాను.

సీసాలో ఇంకా మూడొంతులుంది. ఉన్నది తాగేస్తాం, ఇంకోటి కొనను.

నిన్న చెల్లికి మళ్లీ మెసేజ్ పెట్టాను. టూరు తీసుకో, గైడు మంచివాడైతే అదృష్టం. ఎస్పదీన్ రెండు మూడు చోట్ల తాగు, మట్టికుండది ఒకటి తప్పకుండా. కొనాలంటే అదే కొను. తొబలా పోస్తే తాగు, పోసేసింది ఎలాగూ పోసేశారు, కానీ నారు పోస్తున్నారా, పూతకి వదులుతున్నారా అని అడుగు, అడిగినట్టు వాళ్లకి తెలియాలి. టూరు ఆదివారమే పెట్టుకో. రొట్టెల వరస దాటాక ఎడమ పక్కన నీలం బకెట్ ఉంటుంది, ఫొటో తీసే హడావిడి అయ్యాక వెనక్కి వచ్చి ఒక్కదానివే కూర్చో. నీ స్టీలు గ్లాసు తీసుకెళ్లు. పదకొండు లోపు వెళ్లాలి, మధ్యాహ్నానికి బకెట్లో అడుగుదే మిగుల్తుంది, బాగా పులిసిపోయి ఉంటుంది.